మదనపల్లెలో జేకబ్ చాంబర్లిన్: వైద్యం, భాష, విశ్వాసం

దక్షిణ రాయలసీమ క్రైస్తవ చరిత్రలో జేకబ్ చాంబర్లిన్ (1835-1908) స్థానం విశిష్టమైనది. ప్రెస్బిటేరియన్ పాలనా పద్ధతిని అనుసరించే అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన ఈ గురువు 1863లో, నాటి కడప జిల్లాలోని మదనపల్లెను కార్యక్షేత్రంగా చేసుకొన్నాడు. ఆయన బోధకుడేగాక వైద్యుడు కూడా. తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించాడు. అనుభవాలను మాత్రం ఆంగ్లంలో గ్రంథస్థం చేశాడు. అందుచేత ఆయన చికిత్స పొందిన తెలుగువారి గొంతు మనకు ఆయన మాటల్లోనే వినవస్తుంది. ఈ పరిమితిని విస్మరించిన స్మరణ స్తుతి కాగలదు గాని చరిత్ర కాజాలదు. సంఘాల ఐక్యతను కాంక్షించిన చాంబర్లిన్ 1908 మార్చిలో మదనపల్లెలోనే మరణించాడు. ఆ సంవత్సరమే ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డాయి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి అది ఒక పునాది.