ఖబర్ కిరాయి బాకీపడ్డ ముర్దాలు

ఒక జాగీర్దారు తన మకాన్‌లో దావత్ ఇస్తుంటాడు. మెహమాన్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకొచ్చి, దాచుకున్న గిన్నె బయటికి తీసి, అందులోని మనిషి మెదడును చెంచాతో తింటాడు. మనం దావతుల్లో ఖుబానీ కా మీఠా తిన్నంత ఇత్మినాన్‌గా తింటాడు. తర్వాత ఏమీ జరగనట్టు మెహమాన్ల దగ్గరికి వెళ్లిపోతాడు.

1962లో వచ్చిన 'ఎల్ బారోన్ దెల్ తెర్రోర్' అనే మెక్సికన్ సినిమాలోది ఈ సీను. డైరెక్టర్ చానో ఉరుయెతా. ఆ బారన్ వేషం వేసింది నిర్మాత ఆబెల్ సలజార్. ఆయన షైతాన్‌గా మారినప్పుడు ముఖానికి రబ్బరు తొడుగు, నోట్లోంచి చివర చీలిన పొడుగు నాలుక. వెనకాల కనిపించే బజార్లు, ఇళ్లు చాలాచోట్ల తెరమీద వేసిన ఫొటోలే. పైసల్లేక తీసిన సినిమా అని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కడుపుబ్బ నవ్వాను. రెండోసారి చూసినప్పుడు మాత్రం నవ్వు మొదటి పది నిమిషాల దగ్గరే ఆగిపోయింది.

కథ 1661లో మొదలవుతుంది. మెక్సికో నగరంలో ఇంక్విజిషన్ అదాలత్. నల్లటి ముసుగులేసుకున్న మతాధికారులు బారన్‌ను సజీవ దహనం చేయమని హుకుం జారీ చేస్తారు. అతని తరఫున గవాహీ ఇచ్చిన దోస్తుకు కొరడా దెబ్బలు. మంటల్లో కాలుతూ బారన్ పైకి చూస్తాడు. ఆకాశంలో తోకచుక్క. అది మళ్లీ వచ్చినప్పుడు తానూ వస్తానని, తనను కాల్చినవాళ్ల ఔలాద్‌ను వదలనని ఖసమ్ వేస్తాడు. సరిగ్గా 300 ఏళ్లకు, 1961లో, దిగుతాడు.

అందలుస్ కిస్సాలు వింటూ పెరిగినవాళ్లకు ఇంక్విజిషన్ పేరు కొత్త కాదు. 1492లో గ్రనాడా పడిపోయాక స్పెయిన్‌లో యూదులు, ముసల్మానులు దాని చేతిలో ఎంత నలిగిపోయారో చదివే ఉంటారు. ఆ అదాలత్ సముద్రం దాటి మెక్సికోలో కూడా 1571లో దుకాణం తెరిచింది. 1820 దాకా నడిచింది. పైకి క్రైస్తవుడిగా ఉంటూ లోపల యూదు మజహబ్ పాటిస్తున్నాడని లూయిస్ దె కార్వహాల్ అనే యువకుణ్ణి, అతని తల్లిని, అక్కచెల్లెళ్లను 1596లో చంపింది. సినిమా బారన్ కల్పితం. అతన్ని కాల్చిన మంట మాత్రం అసలైనది.

ఈ సస్తా సినిమాలపై నాకు మొహబ్బత్ పుట్టింది ఇక్కడే. వీటిలోని దయ్యాలకు పతా ఉంటుంది. ఏ గల్లీలో పుట్టాయో, ఎవరి జులుం వల్ల పుట్టాయో వెతికితే దొరుకుతుంది.

మొదటి నుంచి చెప్తాను. 1931లో హాలీవుడ్‌లో యూనివర్సల్ కంపెనీ 'డ్రాకులా' తీసింది. అప్పటికి డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. అందుకని పగలు బేలా లుగోసీతో ఇంగ్లీషు సినిమా, రాత్రి అవే సెట్లలో వేరే నటులతో స్పానిష్ సినిమా తీశారు. ఆ రాత్రి షిఫ్టు హీరోయిన్ మెక్సికో అమ్మాయి లుపితా తోవర్. పగటివాళ్లు ఏం తీశారో చూసి, అంతకంటే బాగా తీయాలని రాత్రివాళ్లు పట్టుబట్టారట. రెండూ చూసినవాళ్లు చాలామంది రాత్రి సినిమాకే ఓటేస్తారు.

మెక్సికో తన సొంత భయాన్ని తెరకెక్కించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1933లో రామోన్ పియోన్ 'లా యోరోనా' తీశాడు. ఆ దేశపు మాటల దయ్యాల సినిమాల్లో మొదటిదిగా దాన్నే చెప్తారు. యోరోనా అంటే ఏడ్చే ఆడమనిషి. మోసపోయి, తన పిల్లల్ని తానే నీళ్లలో ముంచి చంపి, రాత్రిళ్లు వాళ్ల కోసం ఏడుస్తూ తిరుగుతుందని అక్కడి నానీలు చెప్తారు. మన నానీల చుడేల్‌కు ఖాలా కూతురనుకోండి. 16వ శతాబ్దంలో సహగూన్ అనే ఫాదిరీ స్థానికుల నోట విని రాయించిన గ్రంథంలోనూ రాత్రిపూట పిల్లల కోసం ఏడ్చే ఆడగొంతు ఉంది. స్పెయిన్ వాళ్లు దిగబోయే ముందు కనిపించిన అపశకునాల్లో ఆ ఏడుపు ఒకటి. రాజ్యం పోగొట్టుకున్న జనం ఏడుపు ఒక తల్లి గొంతులో మిగిలిపోయింది. 1963లో రఫాయెల్ బలెదోన్ తీసిన 'లా మాల్దిసియోన్ దె లా యోరోనా'లో ఆ దయ్యానికి కళ్లుండాల్సిన చోట నల్లటి గుంతలుంటాయి. దానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. ఖౌఫ్ మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు జోరు 1957లో 'ఎల్ వాంపీరో'తో మొదలైంది. నిర్మాత ఆబెల్ సలజార్, డైరెక్టర్ ఫెర్నాందో మెందెస్. వాంపైర్‌గా వేసిన హెర్మాన్ రోబ్లెస్‌కు అదే మొదటి సినిమా. క్రిస్టఫర్ లీ డ్రాకులా వచ్చింది 1958లో. అంతకు ముందే ఈయన పొడుగాటి కోరలు బయటపెట్టాడు. గబ్బిలాలను ఆడించే తీగలు కనబడతాయి, నిజమే. కానీ కథ జరిగే చోటు చూడండి. కోట లేదు, యూరప్ లేదు. శిథిలమవుతున్న ఒక హాసియెందా. అంటే మన దొరల గడీ లాంటిది. వేల ఎకరాల భూమి, అప్పులో పుట్టి అప్పులోనే చచ్చే జీతగాళ్లు. 1910లో మొదలైన ఇంఖిలాబ్ ఆ గడీల మీద కూడా లేచిందే. 1930లలో లజారో కార్దెనాస్ ప్రభుత్వం భూములు పెద్ద ఎత్తున పంచింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు తెరమీద ఒక విదేశీ దొర వచ్చి, ఆ పాత గడీని మళ్లీ తన కబ్జాలోకి తెచ్చుకోవాలని చూస్తాడు, రాత్రిళ్లు నెత్తురు తాగుతాడు. హాల్లో కూర్చున్న రైతుబిడ్డకు దీనికి తర్జుమా అక్కర్లేదు.

గరీబీ ఈ సినిమాల రూపాన్ని కూడా మార్చింది. అక్కడ సినిమా కార్మికుల యూనియన్లు రెండు. పెద్ద సినిమాలు తీసే హక్కు ఒకరిది. ఎస్తూదియోస్ అమెరికాలో పనిచేసే రెండోవాళ్లు చిన్న సినిమాలు, సీరియళ్లే తీయాలి. వాళ్లు దీనికొక తర్కీబ్ కనిపెట్టారు. ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టి సీరియల్ అని తీయడం, తర్వాత అతికించి సినిమాగా వదలడం. రోబ్లెసే వేసిన నోస్త్రదాముస్ వాంపైర్ కథను 12 ముక్కలుగా తీసి నాలుగు సినిమాలు చేశారు. అందుకే వాటిలో ప్రతి అరగంటకూ కథ ఒకసారి ముగిసినట్టుంటుంది.

ఇక సాంతో. వెండి నఖాబ్ వేసుకున్న పహిల్వాన్. అసలు పేరు రోదోల్ఫో గుస్మాన్ వెర్తా. రింగులో కుస్తీ పట్టి, అదే నఖాబ్‌తో బయటికొచ్చి వాంపైర్లతో, మంత్రగత్తెలతో తలపడేవాడు. 50కి పైగా సినిమాలు. అమెరికాలో కె. గోర్డన్ మర్రీ అనే వ్యాపారి కొన్నిటిని కొని, ఇంగ్లీషులోకి మార్చి, సాంతో పేరు కాస్తా శాంసన్ చేశాడు. సొంతగడ్డ మీద మాత్రం ఆయన జనం మనిషి. జిందగీ అంతా నఖాబ్ తీయలేదు. 1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో కాస్త పైకెత్తి ముఖం చూపించాడు. ఫిబ్రవరి 5న ఇంతెఖాల్ అయ్యాడు. నఖాబ్‌తోనే దఫన్ చేశారు.

ఆయన సినిమాల్లో నన్ను వదలనిది 1972 నాటి 'లాస్ మోమియాస్ దె గ్వానహ్వాతో'. గ్వానహ్వాతో వెండి గనుల పట్నం. అక్కడి మమ్మీలు ముర్దాలు లేచి జనం మీద పడతాయి. బ్లూ డీమన్, మీల్ మాస్కరాస్ అనే ఇద్దరు నఖాబ్ పహిల్వాన్లు కొట్టి కొట్టి అలసిపోతారు. ఆఖర్లో సాంతో వస్తాడు. ముగ్గురూ నిప్పులు కక్కే పిస్తోళ్లతో ముర్దాలను కాల్చేస్తారు. చూస్తే తమాషాగా ఉంటుంది.

ఆ మమ్మీల అసలు చరిత్రలో తమాషా లేదు. ఆ ఊరి ఖబ్రస్తాన్‌లో శాశ్వతంగా పడుకోవాలంటే ఇంటివాళ్లు రఖమ్ కట్టాలి. కట్టలేకపోతే మయ్యత్‌ను బయటికి తీసేవాళ్లు. 1865లో మొదటిసారి అలా తీసినప్పుడు శరీరం కుళ్లకుండా ఎండిపోయి ఉంది. అక్కడి పొడి గాలి, గోడల్లో కట్టిన అరల వేడి అందుకు కారణం. తర్వాత ఇంకా తీశారు. గోడకు ఆనించి నిలబెట్టారు. చూడవచ్చినవాళ్ల దగ్గర పైసలు పుచ్చుకున్నారు. ఇప్పుడది మ్యూజియం. వందకు పైగా ఉన్నాయి. వాటిలో పసిపిల్లలు కూడా ఉన్నారు. బతికినన్నాళ్లూ ఇంటి కిరాయి, చచ్చాక ఖబర్ కిరాయి. అది కట్టలేని గరీబుల శరీరాలకు టికెట్ పెట్టారు.

అదే 1972లో బొంబాయిలో రామ్సే బ్రదర్స్ తమ సస్తా దయ్యాల సినిమా తీసి దానికి 'దో గజ్ జమీన్ కే నీచే' అని పేరు పెట్టారు. ఆ మాట ఉర్దూ చదివినవాళ్లకు ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. రంగూన్‌లో ఖైదీగా చనిపోయిన బహదూర్ షా జఫర్ పేరుతో చెప్పుకునే బాధ అది: సొంత వతన్‌లో రెండు గజాల నేల దొరకలేదని. మెక్సికో వాళ్లకూ బొంబాయి వాళ్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండకపోవచ్చు. నేల దొరకని ముర్దా లేచి వస్తుందన్న ఖయాల్ మాత్రం రెండు చోట్లా ఒకటే. ఖబర్ జాగా కోసం జనాజాను వాకిట్లో ఆపుకుని ఫోన్లు చేసిన ఇంట్లోవాళ్లకు ఇది సినిమా కథలా అనిపించదు.

పెద్ద బడ్జెట్ దయ్యాలు నన్ను భయపెడతాయి, ఇంటికొచ్చి పడుకుంటే మర్చిపోతాను. ఈ రబ్బరు ముఖాలు అలా వదలవు. మీరు కొత్తగా చూడాలనుకుంటే 'ఎల్ వాంపీరో'తో మొదలుపెట్టండి. తర్వాత బారన్. ఆఖర్న గ్వానహ్వాతో మమ్మీలు. ముగ్గురు పహిల్వాన్లు పిస్తోళ్లు తీసి కాలుస్తుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఆ ముర్దాలను మొదట నిద్ర లేపింది ఏ షైతానూ కాదు, బాకీ వసూలుకు వచ్చిన మున్సిపాలిటీ గుమాస్తా.