మ్యాన్యువల్ చదివేది ఎవరు? 1971 నుంచి ఏఐ ఏజెంట్ల దాకా

కొత్త ఫోన్ కొంటే బాక్స్‌లో వచ్చే చిన్న పుస్తకం ఎప్పుడైనా చదివారా? చదివుండరు. నేనూ చదవను. కానీ ఈమధ్య మ్యాన్యువల్‌ని అక్షరం వదలకుండా చదివే పాఠకుడు ఒకడొచ్చాడు. వాడే ఏఐ ఏజెంట్. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

1971 నవంబర్ 3. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తెచ్చిన యూనిక్స్ మొదటి మ్యాన్యువల్ మీద ఉన్న తేదీ ఇది. ఒక్కో కమాండ్‌కి పేరేంటి, ఎలా వాడాలి, ఏం చేస్తుంది, అన్నీ క్లుప్తంగా రాశారు. చివర్లో "బగ్స్" అని ఒక విభాగం. అంటే తమ ప్రోగ్రామ్‌లో లోపాల్ని తామే రాసి పెట్టారన్నమాట! చదివేవాళ్లు కూడా ఎక్కువగా అక్కడి సహోద్యోగులే. అర్థం కాకపోతే పక్క గదిలోకెళ్లి అడిగేస్తే సరిపోయేది.

తర్వాత కంపెనీల్లో సిస్టమ్‌లు పెరిగిపోయాయి. ఒక బ్యాంకునే తీసుకోండి. లోన్ ఇచ్చే సేవ ఒక అప్లికేషన్ మీద నడుస్తుంది, అది ఒక డేటాబేస్ మీద, ఆ డేటాబేస్ ఒక సర్వర్ మీద. ఆ సర్వర్ ఆపితే ఏయే పనులు ఆగిపోతాయి? దీనికి జవాబు చెప్పే మ్యాప్ గీయడమే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. 1987లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో జాన్ జాక్‌మన్ రాసిన వ్యాసం దీనికి పునాది. ఇల్లు కట్టేటప్పుడు యజమానికి ఒక డ్రాయింగ్, మేస్త్రీకి ఇంకో డ్రాయింగ్ ఉంటాయి కదా, సిస్టమ్‌లకీ అలాగే ఉండాలన్నాడాయన.

ఆ మ్యాప్ లేకపోతే ఎంత కష్టమో మనవాళ్లకి బాగా తెలుసు. 90ల చివర్లో వై2కే పని మీద ఎంతోమంది తెలుగువాళ్లు అమెరికా వెళ్లారు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత కోబాల్ కోడ్‌ని సరిచేయాలి. అది రాసినవాళ్లు చాలాచోట్ల అప్పటికే వెళ్లిపోయారు. అడుగుదామంటే పక్క గదిలో మనిషి లేడు.

2002లో నెదర్లాండ్స్‌లో ఆర్కిమేట్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఈ మ్యాప్‌లని అందరూ ఒకేలా గీయడానికి ఒక భాష తయారుచేశారు. 2009లో దాన్ని ఓపెన్ గ్రూప్ సంస్థ ప్రమాణంగా విడుదల చేసింది. 2010లో ఇంగ్లండ్‌లోని బోల్టన్ యూనివర్సిటీ నుంచి ఆర్కి అనే ఉచిత టూల్ వచ్చింది. ఇప్పటిదాకా గీసింది మనుషులే.

ఇక అసలు మలుపు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన మోడల్స్‌కి ఫంక్షన్ కాలింగ్ ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఎంసీపీ అనే ప్రోటోకాల్ విడుదల చేసింది. వీటితో ఏజెంట్ బయటి టూల్స్‌ని తానే వాడుకోగలదు. మామూలుగా దానికి టూల్ లోపలి కోడ్ కనిపించదు. కనిపించేవి మూడు: టూల్ పేరు, దాని వివరణ, ఏ వివరాలు ఇవ్వాలి అన్నది. అంతే! ఆ నాలుగు లైన్లే దానికి ప్రపంచం.

ఇప్పుడు ఆర్కిలో డిలీట్ సంగతి చూడండి. ఒక డేటాబేస్ బొమ్మని ఒక డయాగ్రామ్‌లోంచి తీసేయడం వేరు, మొత్తం మోడల్‌లోంచి తీసేయడం వేరు. మొదటిది చేస్తే ఆ ఒక్క బొమ్మే పోతుంది. రెండోది చేస్తే అన్ని డయాగ్రామ్‌ల్లోనూ పోతుంది, దానికున్న సంబంధాలు కూడా పోతాయి. మనిషైతే మెనూలో రెండూ చూసి ఒక్క క్షణం ఆగుతాడు. కానీ మనం టూల్ వివరణలో "ఎలిమెంట్‌ని తొలగిస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఏజెంట్ ఆగడానికి కారణమేముంది?

ఇంకోటి, బాణం గుర్తు. "అప్లికేషన్ డేటాబేస్ మీద ఆధారపడింది" అని మనం మాట్లాడతాం. ఆర్కిమేట్‌లో సర్వింగ్ అనే సంబంధం దీనికి తిరగేసి ఉంటుంది. సేవ చేసేవాడి నుంచి సేవ పొందేవాడి వైపు బాణం. 2016లో వచ్చిన 3.0 వెర్షన్ దాకా దీని పేరు "యూజ్డ్ బై". పేరు మారింది, దిశ మారలేదు. సోర్స్ ఎవరో, టార్గెట్ ఎవరో వివరణలో రాయకపోతే ఏజెంట్ తిరగేసి గీసే ప్రమాదం ఉంది. డయాగ్రామ్ చూడ్డానికి బాగానే ఉంటుంది. సర్వర్ ఆపే రోజున మాత్రం తప్పు జవాబిస్తుంది.

2025 మార్చి వెర్షన్‌లో ఎంసీపీకి కొన్ని సూచనలు కలిశాయి. ఈ టూల్ చదవడానికి మాత్రమేనా, డేటాని చెరిపేసే రకమా అని ముందే చెప్పొచ్చు. అయితే అవి సూచనలే, నమ్మకం లేని సర్వర్ చెబితే నమ్మొద్దని ఆ ప్రమాణమే అంటుంది. అంటే కాపలాకి మనిషి ఉండాల్సిందే.

ఇంతకీ ఈ చరిత్రలో మనకి పనికొచ్చేది ఏంటంటే, యాభై ఏళ్లుగా మన మ్యాన్యువల్స్ సగమే రాసి ఉండేవి. మిగతా సగం పక్క సీట్లో కూర్చున్న అన్న నోట్లో ఉండేది. ఏజెంట్‌కి ఆ అన్న లేడు. కాబట్టి రేపు మీరు ఒక టూల్ రాస్తే, అది ఏం చేస్తుందో ఒక లైన్ రాయండి. ఏం చేయదో, దేన్ని చెరిపేస్తుందో, ఎప్పుడు వాడకూడదో ఇంకో రెండు లైన్లు రాయండి. 1971లో వాళ్లు "బగ్స్" అని రాసిన నిజాయితీ ఇదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.