చింగోలో పాట

దక్షిణ అమెరికాలో ఒక చిన్న పక్షి ఉన్నది. అర్జెంటీనావారు దానిని చింగోలో అంటారు. బ్రెజిలువారు తికో-తికో అంటారు. మెడచుట్టూ ఇటుకరంగు పట్టె, నెత్తిపై చిన్న కుచ్చు. ఆంగ్లేయులు దీనిని పిచ్చుకలలో చేర్చారు గాని, మన చూరులలో గూడు కట్టే పిచ్చుకకు ఇది దగ్గరి చుట్టము కాదు. దక్షిణ మెక్సికో మొదలు టియెర్రా డెల్ ఫ్యూగో దాకా దీని నివాసము.

దీని శాస్త్రీయ నామ చరిత్ర పొరపాటుతో మొదలయినది. 1776లో జర్మను పండితుడు స్టేటియస్ ముల్లర్ దీనికి 'కాపెన్సిస్' అని పేరు పెట్టాడు. అనగా ఆఫ్రికాలోని కేప్ ప్రాంతానిదని. పాపము, ఈ పక్షి ఆఫ్రికాను ఎరుగదు! తప్పు తెలిసినది, పేరు నిలిచినది.

దీని పిలుపు 'చిప్' అనే పొడి శబ్దము. పాట వేరు. రెండు మూడు ఈలలు, వాని వెంట ఒకే స్వరమును పదేపదే పలికే గమకము. రెండు సెకనులలో ముగుస్తుంది. సాధారణముగా ఒక్కొక్క మగపక్షికి ఒకే పాట. దానిని పిల్ల చుట్టుపక్కల పెద్దల నుండి వినియే నేర్చుకోవాలి.

బ్యూనోస్ ఐరిస్‌లో జన్మించిన ఫెర్నాండో నోటెబోమ్ ఈ పాటలలో మాండలికములు ఉన్నవని 1969లో వివరించారు. ప్రాంతము మారితే గమకపు వేగము మారుతుంది. తరువాత పాల్ హ్యాండ్‌ఫర్డ్ ఈ భేదమును వృక్షసంపదతో పోల్చి చూశారు. గడ్డిబయళ్ళలో గమకము వడిగా సాగుతుంది, అడవిలో నెమ్మదిస్తుంది. మానులు, ఆకులు ధ్వనిని తిప్పికొట్టడము వల్ల అక్కడ వడిగా పలికిన స్వరములు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రతిధ్వనించే మందిరములో మాట్లాడవలసి వచ్చినప్పుడు మా వంటి రేడియోవారు కూడ వేగము తగ్గించుకుంటారు. మాకు ఒకరు చెప్పాలి. చింగోలోకు తరతరాల అలవాటే చెప్పినది.

అసలు విశేషము ఇక్కడ ఉన్నది. అర్జెంటీనాలో ఎన్నో అడవులను నరికి పొలములు చేశారు. అయినా కొన్నిచోట్ల చింగోలోల పాట నేటి పొలమును కాక, నాటి వృక్షసంపదనే అనుసరిస్తున్నదని హ్యాండ్‌ఫర్డ్ గమనించారు. అన్నిచోట్లా ఇంతే అనలేము. కాని ఆ చోట్ల పిల్లలు అడవిని చూడలేదు. పాట నేర్పిన పెద్దలూ చూడలేదు. కంచెతీగ మీద, ఎదుట ఒక్క చెట్టయినా లేని చోట కూర్చుండి, ఆ పక్షి తన గమకమును నెమ్మదిగానే పలుకుతున్నది.