మన జట్టు ఎవరి సొత్తు?

మా మామయ్యగారికి క్రికెట్ చూడటం ఎంత ఇష్టమో, చూస్తూ సణగడం అంతకన్నా ఇష్టం. సణుగుడు లేకపోతే ఆయనకి ఆట చూసినట్టే ఉండదు. ఆడేవాళ్లని విసుక్కుంటే పోనీ అనుకోవచ్చు. పాపం, ఆటగాళ్లని ఆయన ఒక్క మాట అనరు. ఆయన కోపమంతా ఆట వెనకాల ఉన్న వ్యాపారం మీదే.

2009 ఐపీఎల్‌లో సగం ఓవర్లు అయ్యేసరికి ఆట ఆపేసి ఏడున్నర నిమిషాలు విరామం ఇచ్చేవారు, మీకు గుర్తుందో లేదో. జట్లు వ్యూహం ఆలోచించుకోవడానికట! "ఏడున్నర నిమిషాల్లో పద్మవ్యూహమే పన్నొచ్చమ్మాయ్! ఇది వ్యూహం కాదు, సబ్బులమ్ముకోవడం" అనేవారాయన. ఎవరైనా సిక్సరు కొడితే వ్యాఖ్యాత సిక్సరు అనకుండా ముందో కంపెనీ పేరు తగిలించి అరిచేవాడు. మామయ్యగారు టీవీ గొంతు తగ్గించి "సిక్సర్!" అని తామే ఒక కేక పెట్టేవారు, ఆ మాట బొత్తిగా చచ్చిపోతుందేమోనన్న బెంగతో.

ఆయన బెంగకి కారణముంది. 1955 నవంబరులో హైదరాబాదులో మొట్టమొదటి టెస్టు జరిగినప్పుడు పదిహేడేళ్ల కుర్రాడిగా ఫతే మైదానంలో కూర్చుని, న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చెయ్యడం కళ్లారా చూశారు. టెస్టుల్లో మనవాళ్లలో ఒకడు రెండొందలు దాటడం అదే మొదలు. ఆ మైదానానికి లాల్ బహదూర్ స్టేడియం అని పేరు మారి యాభై ఏళ్లు దాటినా ఆయన నోట అది ఫతే మైదానే. జయసింహ చొక్కా కాలరెత్తుకుని నడిచొస్తుంటే ఊరు ఊరంతా చూసేదని చెబుతారు. "అప్పట్లో ఆటే ఉండేది, డబ్బు లేదు" అని ఆయన ముక్తాయింపు.

ఇక్కడే నాకూ ఆయనకీ చుక్కెదురు. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, ఎవరైనా "అప్పట్లో" అనగానే నాకు అనుమానం పుట్టుకొస్తుంది.

అప్పట్లో డబ్బు లేకపోవడమేం, మహారాజుల దగ్గర మూలుగుతుంటే! మన విజయనగరం మహారాజకుమారుణ్ణే తీసుకోండి. అందరూ విజ్జీ అనేవారు. 1930లో ఇంగ్లండ్ జట్టు రాక ఆగిపోతే, తనే సొంత డబ్బుతో జట్టు కట్టి, హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటి వాళ్లని రప్పించి భారతదేశంలోనూ సింహళంలోనూ ఆడించాడు. అంతవరకూ మెచ్చుకోవలసిందే. కాని 1936లో ఆయనే భారత జట్టుకి నాయకుడై ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. మొదటి టెస్టు జట్టుకి నాయకత్వం వహించిన సి.కె.నాయుడు ఆ జట్టులోనే మామూలు ఆటగాడిగా ఉన్నాడు. లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి టెస్టులు మొదలవక ముందే ఇంటికి పంపించేశారు. బ్యాటుతో రాని నాయకత్వం బొక్కసంతో రావడమంటే ఇదే. ఆ రోజుల్లో అభిమానులు ఎంత సణుక్కున్నారో, వినేవాళ్లెవరు?

ఆటగాళ్ల సంగతీ చెప్పుకోవాలి. 1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు పట్టుకొచ్చింది. దేశమంతా ఊరేగింపులూ సన్మానాలూ. తీరా బహుమతి ఇద్దామంటే బోర్డు దగ్గర డబ్బు లేదు! చివరికి లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేస్తే, ఆ వచ్చిన డబ్బుతో ఆటగాళ్లకి తలా లక్ష రూపాయలు ఇచ్చారు. ప్రపంచాన్ని గెలిచినవాళ్లకి పాట పాడి చందా వసూలు చెయ్యవలసి వచ్చిందన్నమాట. 1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ అనే టీవీ యజమాని, ఆటల ప్రసార హక్కులు తనకివ్వలేదన్న పంతంతో పేరున్న ఆటగాళ్లనందర్నీ జీతాలకి తీసుకుని పోటీగా సొంత క్రికెట్ పెట్టాడు. రంగు రంగుల బట్టలు, తెల్ల బంతి, రాత్రిపూట దీపాల కింద ఆట. పెద్దలందరూ సర్కసు అని వెక్కిరించారు. వెక్కిరిస్తే ఏం? ఆటగాడికి పిల్లలూ సంసారమూ ఉంటాయనీ, చప్పట్లతో కిరాణా కొట్టు బాకీ తీరదనీ గ్రహించినవాడు ఆయనే. రెండేళ్లు తిరిగేసరికి బోర్డు రాజీకి వచ్చింది, ప్రసార హక్కులు ఆయన చానల్‌కే దక్కాయి.

మన దగ్గర ఆ మార్పు 1993లో వచ్చింది. అంతకుముందు ఆట చూపించినందుకు దూరదర్శన్‌కి బోర్డే ఎదురు డబ్బు ఇచ్చుకోవలసిన రోజులుండేవి. ఆ ఏడాది ఇంగ్లండ్ వచ్చినప్పుడు బోర్డు ప్రసార హక్కుల్ని బయటి సంస్థకి అమ్మేసింది. తగాదా ముదిరి సుప్రీంకోర్టు దాకా పోతే, 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: గాలిలో తిరిగే ప్రసార తరంగాలు ప్రజల సొత్తు, ప్రభుత్వం ఒక్కదానిదే కాదు. ప్రజల సొత్తు అన్నమాట వినడానికి ఎంత బావుందో! తరవాత జరిగింది మీకు తెలిసిందే. 2023 నుంచి అయిదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి.

కనక ఆటలోకి డబ్బు రావడం నేరమని నేననను. మామయ్యగారితో ఈ ముక్క అంటే "వచ్చిందిలే, వచ్చి మనకేం చేసింది?" అన్నారు. దానికి జవాబు నా దగ్గర లేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అప్పటికే మా ఇంట్లో తొమ్మిదేళ్ల కుర్రాడు అడిగేశాడు.

వాడు మా అబ్బాయి. వాడికి అయిదేళ్లప్పుడు, 2008లో ఐపీఎల్ మొదలైంది. హైదరాబాదు జట్టుని డెక్కన్ క్రానికల్ సంస్థ పదేళ్ల కాలానికి 10 కోట్ల 70 లక్షల డాలర్లకి పాడుకుంది. డెక్కన్ చార్జర్స్ అని పేరు, రంకె వేసే ఎద్దు బొమ్మ గుర్తు. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిదీ... పెళ్లివారి జాబితాలా ఉండేది. మన లక్ష్మణ్, తనకి ప్రత్యేక హోదా ఇస్తే జట్టు ఖర్చుకి మిగిలేది తగ్గిపోతుందని ఆ హోదానే వద్దన్నాడు. అంత వ్యాపారంలోనూ అలాంటి మనిషి ఒకడున్నాడని మామయ్యగారు ఇప్పటికీ చెబుతారు.

ఇంత హంగామా చేసి మనవాళ్లు పధ్నాలుగు ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచారు. ఆ రెండూ పరాయి ఊళ్లలోనే. ఉప్పల్ మైదానానికి వెళ్లి ఎండలో నిలబడి టిక్కెట్లు కొనుక్కున్నవాళ్లకి దక్కింది మాత్రం ఏడుకి ఏడూ ఓటములే. మరుసటి ఏడు లోక్‌సభ ఎన్నికలొచ్చి ఐపీఎల్ దక్షిణాఫ్రికాకి తరలిపోయింది. అక్కడ, ఎక్కడో జోహాన్నెస్‌బర్గ్‌లో, మే 24న మనవాళ్లు బెంగుళూరు మీద ఆరు పరుగుల తేడాతో కప్పు గెలిచారు! గిల్‌క్రిస్ట్ సున్నాకి అవుటైతే మామయ్యగారు లేచి పడకగదిలోకి వెళ్లిపోయారు. గిబ్స్ నిలబడుతున్నాడని మనవడు చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆ రాత్రి మా వీధిలో టపాకాయలు కాల్చారు. మర్నాడు ఉప్పల్ రోడ్డు పక్కన బట్టలు పోసి అమ్మేవాడి దగ్గర, తాతగారు ఎద్దు బొమ్మ ఉన్న టీషర్టు కొని తెచ్చారు. మోకాళ్ల దాకా వేలాడుతున్నా వాడు దాన్ని విప్పితే ఒట్టు.

2010లో కప్పు గెలిచిన జట్టుని సొంత ఊళ్లో చూద్దామనుకున్నాం. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు కావడంతో మన ఆటలన్నీ నాగపూరుకీ కటకానికీ నవీ ముంబైకీ తరలించేశారు. అంచేత ఉప్పల్లో మన జట్టు గెలవగా జనం మొదటిసారి చూసింది 2011 ఏప్రిల్లో. అప్పటికి లక్ష్మణ్ కొచ్చి జట్టులో ఉన్నాడు, రోహిత్ శర్మ ముంబై జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడు విశాఖపట్నంలో ఆ రోహిత్ శర్మే ఆఖరి బంతికి సిక్సరు కొట్టి మనల్ని ఓడించాడు. ఆ రోజు మావాడికి చప్పట్లు కొట్టాలో ఏడవాలో తెలియలేదు. నిన్నటిదాకా మన అన్నయ్య అనుకున్నవాడు మరి!

ఆ సెప్టెంబరులోనే అసలు సంగతి జరిగింది. యజమాని సంస్థ అప్పుల్లో పడింది, ఆటగాళ్ల జీతాలు బాకీ పడ్డాయి. 2012 సెప్టెంబరు 14న బోర్డు జట్టుని రద్దు చేసేసింది. కోర్టు 100 కోట్లకి బ్యాంకు పూచీ చూపించమంటే సంస్థ చూపించలేకపోయింది. అక్టోబరు 25న సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85 కోట్ల చొప్పున కొత్త జట్టు పాడుకున్నారు. పాత జట్టులోని చాలామంది కొత్తదాంట్లోకి వచ్చారు. మారినవి పేరూ, రంగూ, గుర్తూ, అంతే.

పేపరు చదువుతున్న తాతగారి దగ్గరికి వెళ్లి మావాడు అడిగాడు. "తాతయ్యా, మన టీము ఏదీ?"

"తీసేశార్రా నాన్నా."

"మనల్ని అడక్కుండానే?"

మామయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఏ విషయం మీదైనా అరగంట మాట్లాడగల మనిషి ఆవేళ ఒక్క మాట మాట్లాడలేదు.

నిజమే, ఎవరూ మనల్ని అడగరు. యజమాని సంస్థ మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. రద్దు చెయ్యడం తప్పనీ, దానికి బోర్డు సుమారు 4,800 కోట్లు ఇవ్వాలనీ 2020లో ఆయన తీర్పు చెప్పాడు. 2021లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. సంస్థకి జరిగిన నష్టాన్ని లెక్కకట్టడానికి లాయర్లున్నారు, కాగితాలున్నాయి. పిల్లవాడి నష్టానికి ఏ కాగితముంది?

ఇది మనకొక్కళ్లకే జరిగిందనుకోకండి. అమెరికాలో బ్రూక్లిన్ అనే పేటకి డాడ్జర్స్ అని బేస్‌బాల్ జట్టుండేది. ఏళ్ల తరబడి ఫైనలు దాకా వెళ్లడం, ఓడిపోవడం. "వచ్చే ఏడు చూద్దాంలే" అని ఆ పేటవాళ్లు సరిపెట్టుకునేవారు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌కి 1947లో మొదట చోటిచ్చింది ఆ జట్టే. చివరికి 1955లో గెలిచింది. పేటంతా వీధుల్లో పడి గంతులేసింది. రెండేళ్లు గడిచీ గడవకముందే, 1957లో, యజమాని ఓమాలీ జట్టుని మూటగట్టుకుని మూడు వేల మైళ్ల దూరంలోని లాస్ ఏంజెలెస్‌కి పట్టుకుపోయాడు. 1960లో పాత మైదానాన్ని పడగొట్టేసి ఇళ్లు కట్టారు. జట్టు అక్కడ బాగానే గెలిచింది. బ్రూక్లిన్ ముసలివాళ్లు మాత్రం చచ్చేదాకా ఓమాలీని క్షమించలేదు.

అలాగని ప్రపంచమంతా ఒకే తీరుగా లేదు. ఆ అమెరికాలోనే గ్రీన్ బే అనే చిన్న ఊరుంది, లక్ష జనాభా. అక్కడి ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి ఆ ఊరి జనానిదే. ఇప్పుడు అయిదు లక్షల పైచిలుకు వాటాదారులున్నారు. వాటా కొంటే లాభం పైసా రాదు, జట్టుని ఊరు దాటించడానికీ వీల్లేదు. ఇంకొకటి, 2021 ఏప్రిల్లో యూరపులోని పన్నెండు పెద్ద ఫుట్‌బాల్ జట్ల యజమానులు కలిసి తమకి తాముగా ఒక శాశ్వత పోటీ పెట్టుకుంటామని ప్రకటించారు. అభిమానులు మైదానాల ముందు రోడ్ల మీదికొచ్చారు. రెండు రోజులు తిరక్కుండానే ఇంగ్లండ్ జట్లు ఆరూ వెనక్కి తగ్గాయి. సణుగుడికి కూడా ఒక్కోసారి కోట్లు దిగొస్తాయన్నమాట!

అందుకే ఇప్పుడు మామయ్యగారు సణుగుతుంటే నేను విసుక్కోవడం మానేశాను. పేరు పెట్టే హక్కు, అమ్మే హక్కు, రద్దు చేసే హక్కు అన్నీ ఎవరెవరో రాయించుకున్నారు. అభిమాని చేతిలో దస్తావేజు లేదు. అతనికున్నదల్లా ఫిర్యాదు. "ఇది నాది కూడా" అని చెప్పుకోవడానికి వేరే దారి లేక, అతను దాన్ని కోపంగా చెబుతున్నాడు. గాలి తరంగాలు ప్రజల సొత్తన్న దేశంలో, ఆ గాలిలో తేలివచ్చే ఆటకి ప్రాణం పెట్టేవాడికి కనీసం ముందుగా ఒక మాట చెప్పాలి కదా?

2016లో బెంగుళూరులో, ఆ బెంగుళూరు జట్టునే ఓడించి సన్‌రైజర్స్ కప్పు గెలిచింది. మామయ్యగారు చప్పట్లు కొట్టారు. పదమూడేళ్ల మావాడూ కొట్టాడు, కాని టీషర్టు కొనమని అడగలేదు.

పాత టీషర్టు సంగతంటారా? మొన్న పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చింది. పొట్టయిపోయిన బట్టలన్నీ తీసి గుమ్మంలో పోశాను. ఒక మూత గిన్నెకి బేరం కుదిరింది కూడా. మామయ్యగారు కర్ర తాటించుకుంటూ వచ్చి, ఆ కుప్పలోంచి ఎద్దు బొమ్మని చూపుడువేలితో పైకి లాగారు.

"దీన్నెవరు వెయ్యమన్నారమ్మాయ్? వాణ్ణి అడిగావా?"

అడగలేదు. ఆ గిన్నె బేరం అక్కడితో చెడింది.