పుస్తక విలువ సున్నా

మా తమ్ముడు బెంగళూరు ఆర్కెస్ట్రాల్లో పాతికేళ్లు బాస్ గిటార్ వాయించాడు. గణేశోత్సవాల్లో, నవంబరు రాజ్యోత్సవాల్లో కన్నడం, హిందీ, తమిళం అయ్యాక, రాత్రి పదకొండు దాటితే మన తెలుగు పాట వంతు వచ్చేది. ఆ పాటలన్నిటికీ అడుగున మోగిన అమెరికా ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ఇప్పుడు మా మెట్ల కింద ఉంది. 1994లో సెకండుహ్యాండులో కొన్నాడు. ఉంచుదామా, అమ్ముదామా అని ఇంట్లో తగవొచ్చినప్పుడు, బి.కాం. చదివి బ్యాంకు పద్దులు చూసుకునే నేను దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ గిటారునూ, మరుసటి ఏడు దానికోసం బాస్‌మన్ యాంప్లిఫయర్‌నూ తెచ్చాడు. అందులోవి వాల్వులు, మన పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే. మంద్రస్వరం గట్టిగా వినిపించాలంటే శక్తి ఎక్కువ కావాలి. వాల్వులతో శక్తి పెంచితే బరువూ పెరుగుతుంది. 1969లో అంపెగ్ కంపెనీ తెచ్చిన 300 వాట్ల ఎస్.వి.టి.లో 14 వాల్వులు. స్పీకర్లు కాక పైపెట్టె ఒక్కటే 35 కిలోలకు పైమాట.

1947లో బెల్ లేబరేటరీలో పుట్టిన ట్రాన్సిస్టర్ ఈ బరువు దించగలదు. వాల్వులకూ స్పీకరుకూ నడుమ ఉండే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ దీనికి అక్కర్లేదు. ఆ సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది. ట్రాన్సిస్టర్ కాలి షార్టయితే, అడ్డేమీ లేక డీసీ కరెంటు నేరుగా స్పీకరులోకి పోయి తీగచుట్టను కాల్చేస్తుంది. ఫెండర్ సంస్థను 1965లో సి.బి.ఎస్. కొన్నది. మరుసటి ఏడు అది తెచ్చిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు తరచూ చెడిపోతాయని పేరు పడి, కొన్నేళ్లకే ఆగిపోయాయి. ట్రాన్సిస్టర్ పరువు నిలిపింది 1960ల చివర కాలిఫోర్నియాలో అకూస్టిక్ కంట్రోల్ సంస్థ చేసిన 360. దానికి 200 వాట్లు, 18 అంగుళాల స్పీకరు. 1970లలో జాకో పస్టోరియస్ వాయించింది దానితోనే.

మా ఇంట్లోది అంత పేరున్నది కాదు. 120 వోల్టుల సరుకు గనుక, 230ని దించే ట్రాన్స్‌ఫార్మరు పక్కనే మోయాలి. పోయిన ఏడు హుమ్మని రొద మొదలైంది. ఎస్.పి. రోడ్డు మెకానిక్ విప్పి చూసి, "ట్రాన్సిస్టర్లు గట్టివే సార్, ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి" అన్నాడు. ఏసీని డీసీగా మార్చాక మిగిలే అలల్ని మింగడం వాటి పని. లోపలి ద్రవం ఏళ్లు గడిచి ఎండిపోతే ఆ పని చేయలేవు. మన 50 సైకిళ్ల కరెంటు 100 సైకిళ్ల రొదగా బయటికి వస్తుంది. రెండు కెపాసిటర్లు మార్చి, గరగరలాడే నాబ్‌లు శుభ్రం చేసినందుకు పద్దెనిమిది వందలయింది.

ఏటా తరుగుదల తీసేస్తే పద్దులో దీని విలువ ఎప్పుడో సున్నా. పాతసామాన్లవాడు ఇనుము ధర కడతానన్నాడు. పక్షవాతం వచ్చాక తమ్ముడికి ఎడమచెయ్యి సరిగా ఆడదు. వాడి కొడుకు దగ్గర రెండు కిలోల కొత్త యాంప్లిఫయర్ ఉంది. "పెదనాన్నా, దీన్నెవరు మోస్తారు?" అన్నాడు. న్యాయమైన మాటే.

రిపేరయి వచ్చిన సాయంత్రం వాడే గిటారు తగిలించి వాయించాడు. కిటికీ అద్దాలు అదిరాయి. తమ్ముడు కుర్చీలోంచి కాసేపు విని, "ట్రెబుల్ కాస్త తగ్గించరా" అన్నాడు. ఆ తర్వాత అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.