దారం లెక్క: షెట్లాండు శాలువ, నర్సాపురం లేసు

శాలువ అనగానే మన సాహిత్యలోకానికి సన్మానసభ గుర్తుకు వస్తుంది. కప్పినవారి పేరూ, కప్పించుకున్నవారి పేరూ మర్నాటి పత్రికలో పడతాయి. దాన్ని నేసినవారెవరో, అల్లినవారెవరో అడిగిన వక్త యింతవరకు నాకు తారసపడలేదు. ఆ అడగని ప్రశ్ననే యిక్కడ కొంచెం వివరంగా అడగదలచుకున్నాను.

సికిందరాబాదులో మా యింట్లో యీ చలికాలం వొక శాలువ తయారవుతున్నది. అల్లుతున్నది మా అత్తగారు. ఆమెది పాలకొల్లు దగ్గర పల్లె. పెళ్లికి ముందూ, తరవాత చాలా యేళ్లూ లేసు అల్లిన మనిషి. బంధువొకరు విదేశం నుంచి తెచ్చిచ్చిన సన్నని వూలు చిలప వొక్కటి ఆమె చేతికి వచ్చింది. తూకం సరిగ్గా 100 గ్రాములు. ఆ రంగు, ఆ సన్నదనం మళ్లీ దొరికే ఆశ లేదు. ఆ వొక్క చిలపతో 60 అంగుళాల చదరపు శాలువ, చుట్టూ 3 అంగుళాల లేసు అంచుతో అల్లాలని ఆమె సంకల్పం.

యిందులో వున్న చిక్కు అల్లిక తెలియనివారికి వొక పట్టాన అర్థం కాదు. శాలువను నడిమధ్య మొదలుపెట్టి నాలుగు పక్కలకూ పెంచుకుంటూ పోతారు. మొదట్లో వొక చుట్టు రెండు నిమిషాల పని. పోనుపోను చుట్టు పెరుగుతుంది, దారం తినడం పెరుగుతుంది. 60 అంగుళాల చదరానికి సగం దారం యెక్కడ అయిపోతుందో తెలుసునా? పక్క 30 అంగుళాలకు చేరినప్పుడు కాదు, 42 అంగుళాలు దాటిన తరవాత. అంచు 3 అంగుళాలే గదా అని తేలికగా తీసుకుంటే అదే మొత్తం విస్తీర్ణంలో 19 శాతం. అల్లిక అంతటా వొకే వత్తున సాగితే, దాదాపు 19 గ్రాముల దారం అంచుకే దాచిపెట్టాలి. దాచకుండా నడుమభాగాన్ని రెండంగుళాలు యెక్కువ పెంచారా, మూడో పక్క అంచు మధ్యలో వుండగానే దారం అయిపోతుంది. దాచింది యెక్కువైతే శాలువ చిన్నదవుతుంది. అందుకని ఆమె ప్రతి సాయంత్రం మిగిలిన వుండను వంటింటి కాటామీద పెట్టి తూచి, అంకె వొక పాత క్యాలెండరు వెనక రాసుకుంటున్నారు. బడిలో ఆమె నాలుగో తరగతి దాటలేదు.

"యింత తంటా దేనికండీ, అంచు లేకుండా ముగించవచ్చు గదా" అన్నాను వొకనాడు. ఆమె సూదులు ఆపకుండానే అన్నారు: "యిది నా దారం బాబూ. చాలకపోతే నేనే విప్పుకుంటాను, మళ్లీ నేనే అల్లుకుంటాను. ఏజెంటు దారం అట్లా కాదు. మిగిలితే ఆయనది. తగ్గితే తప్పు మనది, కూలిలో కోసుకునేవాడు."

యీ మాట విన్న తరవాతనే నాకు లేసు చరిత్రను మళ్లీ చదవాలనిపించింది.

యిటువంటి సన్నని లేసు శాలువకు పేరుపడిన చోటు షెట్లాండు. స్కాట్లండుకు ఉత్తరాన, చలి సముద్రంలో వున్న దీవుల సముదాయం. అక్కడి గొర్రె ఉన్నితో స్త్రీలు వడికిన దారం యెంత సన్ననిదంటే, రెండు గజాల చదరపు శాలువను పెళ్లివుంగరంలో నుంచి లాగవచ్చునని ప్రసిద్ధి. విక్టోరియా రాణి కాలంలో యివి ఇంగ్లండు సంపన్నగృహాల్లో మోజు వస్తువులయ్యాయి. రష్యాలో ఒరెన్‌బర్గు మేకబొచ్చు శాలువలకూ యిదే ఖ్యాతి వున్నది. షెట్లాండు స్త్రీలు చాలామంది లేసు అంచునే ముందు అల్లి, దాని మీద కుట్లు ఎత్తుకుని, బయటి నుంచి లోపలికి వచ్చేవారు. దారానికి కొరత వస్తే అది నడుమ తేలుతుంది, అంచు దెబ్బతినదు. మా అత్తగారు యీ సంగతి విని, "తెలివైనవాళ్లే" అని వూరుకున్నారు గాని తన పద్ధతి మార్చుకోలేదు.

ఆ తెలివి వాళ్లకు యేమి తెచ్చిపెట్టింది? 1872లో బ్రిటిషు ప్రభుత్వం షెట్లాండుకు విలియం గుత్రీ అనే అధికారిని విచారణకు పంపింది. కూలికి రొక్కం యివ్వకుండా సరుకులు అంటగట్టే పద్ధతిమీద విచారణ. లెర్విక్ పట్టణపు వర్తకుల యెదుట బతికే అల్లికపనివారు వచ్చి సాక్ష్యం చెప్పారు. కొందరు సొంత ఉన్నితో అల్లి శాలువ అమ్మేవారు, కొందరు వర్తకుడిచ్చిన దారం అల్లి కూలి పుచ్చుకునేవారు. యిద్దరికీ దక్కేది రొక్కం కాదు, గుడ్డా, తేయాకూ. వెంటనే సరుకు తీసుకోకపోతే బాకీ చీటీ. ఆ తేయాకును మళ్లీ యెక్కడో మార్చుకుంటేగాని యింట్లోకి తిండిగింజలు రావు. మగవారిది చేపలవేట, వారు భూస్వాములకూ చేపల వర్తకులకూ అప్పుపడి వున్నారు. రాణిగారి భుజాలకు తగిన శాలువ అల్లిన చేతికి పావలా కనిపించదు! 1887లో చట్టాన్ని సవరించి యీ పద్ధతిని నిషేధించారు గాని అలవాటు 20వ శతాబ్దంలోకి కూడా పాకింది.

లేసు కథ అంతా యింతేనా అంటే, యింతకన్నా హీనమైన ఘట్టాలున్నాయి. మార్క్సు "పెట్టుబడి" మొదటి సంపుటం 1867లో వెలువడింది. పనిదినాన్ని గురించిన అధ్యాయంలో ఆయన నాటింగుహాము లేసు పరిశ్రమను ఉదహరించాడు. 1860 జనవరి 14న అక్కడ జరిగిన సభలో వొక మెజిస్ట్రేటే చెప్పిన సంగతి అది: తొమ్మిది, పదేళ్ల పిల్లలను తెల్లవారుజామున రెండు, మూడు, నాలుగు గంటలకు పక్కల మీదనుంచి లాగి, రాత్రి పది, పన్నెండు దాకా పని చేయిస్తున్నారు. యంత్రాల అధ్యాయంలో మళ్లీ లేసు దగ్గరకు వచ్చి మార్క్సు చెప్పిన సంగతి మనకు యింకా ముఖ్యం. కొత్తకాలపు యింటిపని పాత కుటీరపరిశ్రమ కాదనీ, అది ఫ్యాక్టరీకి బయట విస్తరించిన ఫ్యాక్టరీ విభాగమనీ ఆయన తేల్చాడు. మన విద్యార్థులు పనిదినం అధ్యాయం చదువుతారు. యీ భాగానికి వచ్చేసరికి పుస్తకం మూసేస్తారు. నేనూ విద్యార్థిగా వున్నప్పుడు అట్లాగే మూసినవాణ్ణే.

యిక గోదావరి డెల్టాకు వద్దాం. నర్సాపురం ప్రాంతానికి లేసు పనిని తెచ్చినవారు క్రైస్తవ మిషనరీలు. స్కాట్లండు నుంచి వచ్చిన మాక్రే దంపతుల పేరు చెప్పి, 1844ను మొదటి సంవత్సరంగా పరిశ్రమ చరిత్ర చెప్పేవారు చూపుతారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత స్త్రీలు. మిషనరీలే అల్లికను స్వదేశానికి పంపి అమ్మించేవారు. 20వ శతాబ్దం ఆరంభమయ్యేసరికి అది వర్తకుల చేతికి వచ్చింది, కాపు కుటుంబాల స్త్రీలలోకి విస్తరించింది. పొలం పనికి పోవడం పరువు తక్కువ అనుకునే యిండ్లలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పని గదా!

యిక్కడ పనిముట్టును గురించి వొక మాట చెప్పక తప్పదు. నర్సాపురం లేసు రెండు సూదుల అల్లిక కాదు. కొక్కెం వున్న వొకే సూదితో అల్లే క్రోషా. రెండు సూదుల అల్లికలో వరసలోని కుట్లన్నీ సూదిమీద ప్రాణంతో వుంటాయి, వొకటి జారితే కింది వరసలదాకా విడిపోతుంది. శాలువ మొదలుపెట్టిన చేయే ముగించాలి. క్రోషాలో వొక్క వుచ్చే ప్రాణంతో వుంటుంది, తక్కినవన్నీ ముడిపడి పోయినవే. పిల్లవాడు యేడిస్తే కింద పెట్టి లేవవచ్చు. అంతకన్నా ముఖ్యం, వొక పువ్వు వొక చోట, మరొక పువ్వు యింకో చోట అల్లించి తరవాత కలపవచ్చు. వర్తకుడికి కావలసింది సరిగ్గా అదే. పువ్వులు అల్లే చేతిపని వొకరిది, వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసే అతుకుపని మరొకరిది. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన వస్తువును చూడకుండానే జీవితం గడిచిపోవచ్చు. మా అత్తగారు పదిహేనేళ్లు పువ్వులే అల్లారు. అవి యే బల్లమీద పరచుకున్నాయో ఆమెకు తెలియదు.

కనుక పనిని ముక్కలు చేయడమే దోపిడీకి మూలం అని తీర్మానించవచ్చునా? నేను మొదట అట్లాగే రాసుకున్నాను. షెట్లాండు అడ్డం వచ్చింది. అక్కడ శాలువను యెవరూ ముక్కలు చేయలేదు. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా వొక్క స్త్రీయే అల్లింది. అంచు ముందా, నడుమ ముందా అన్న నిర్ణయమూ ఆమెదే. కొందరికి దారమూ తమదే. అయినా బజారు తమది కాదు. లెర్విక్‌లో యే దుకాణానికి పోయినా అదే తేయాకు, అదే గుడ్డ. నర్సాపురంలో దారమూ, బజారూ రెండూ పరాధీనమే. పని ముక్కలవడం ఆ పరాధీనతను సుళువు చేసింది, పుట్టించలేదు.

దీనిని లెక్కలతో చూపిన మనిషి మారియా మీస్. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు, 2023లో మరణించింది. 1977-78లో నర్సాపురం ప్రాంతపు పల్లెల్లో తిరిగి ఆమె చేసిన పరిశోధన 1982లో గ్రంథంగా వచ్చింది. అందులో ఆమెతో కలిసి పనిచేసినవారు కె. లలిత, కృష్ణకుమారి. లక్షకు పైగా స్త్రీలు లేసు అల్లుతున్నారనీ, రోజుకు ఆరు నుంచి యెనిమిది గంటలు పనిచేసినా సగటున 56 పైసలే దక్కుతున్నదనీ ఆమె తేల్చింది. వ్యవసాయకూలికి పోయే దళిత స్త్రీకి యింతకన్నా యెక్కువ వచ్చేది. పరువు కోసం గడప లోపల కూర్చున్న స్త్రీ, యే స్త్రీకన్నా తాను మేలనుకున్నదో ఆమెకన్నా తక్కువ సంపాదించింది. కులం యిచ్చే గౌరవానికి ధర కట్టి చూపిన యిటువంటి లెక్క మన సాంఘికచరిత్రలో అరుదు.

యెగుమతిదారులూ, ప్రభుత్వమూ దీనికి పెట్టిన పేరు "తీరికవేళ పని". మీస్ వాదం మొత్తం యీ రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. అల్లేది గృహిణి అన్నారు కనుక ఆమె కార్మికురాలు కాదు. కార్మికురాలు కాదు కనుక కనీసవేతనం లేదు, సంఘం లేదు, జనాభా లెక్కల్లో వృత్తి అన్న గడిలో ఆమె పేరు లేదు. సరుకు మాత్రం విదేశాలకు పోయి మారకద్రవ్యం తెచ్చింది. ఏజెంట్లు, వర్తకులు, యెగుమతిదారులు మగవారు. అదే కులంలో, అదే వీధిలో కొందరు భర్తలు, అన్నదమ్ములు యీ వ్యాపారంతో పైకి వచ్చారు. యిది తెల్లదొర వచ్చి చేసిన దోపిడీ అని తప్పుకోవడానికి మనకు వీలు లేదు.

మన పక్షాన కూడా లోపం వున్నది. చేనేత కార్మికుడి కోసం అభ్యుదయ సాహిత్యం గొంతెత్తింది, అది న్యాయం. మగ్గం చప్పుడు చేస్తుంది, గుంట తవ్వుకుని కూర్చుంటుంది, వీధికి వినపడుతుంది. క్రోషా సూది చప్పుడు చేయదు. వంట అయిన తరవాత అరుగుమీద నలుగురు స్త్రీలు కబుర్లు చెప్పుకుంటూ లేసు అల్లుతుంటే, చూసిన రచయితకు అది పల్లెసొగసుగా కనిపించింది గాని పని స్థలంగా కనిపించలేదు. సంఘాలు పెట్టేవారికి కూడా అంతే. ఫ్యాక్టరీ గేటు దగ్గర కరపత్రం పంచవచ్చు. లక్ష గడపలకు గేటు యెక్కడ?

తరవాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. యంత్రం మీద తయారైన చైనా లేసు వచ్చి చేతి లేసు ధరను దెబ్బతీసింది. నర్సాపురం పక్కన సీతారామపురంలో లేసు పార్కు కట్టారు. 2024లో నర్సాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది. పువ్వుకు కూలి యెంత అన్నది ఆ పత్రం పరిధిలోని ప్రశ్న కాదు. పత్రికలు వార్తను ఘనంగా వేశాయి. మా అత్తగారికి చదివి వినిపించాను. "రేటు యేమన్నా పెంచారా?" అని అడిగారు. వార్తలో ఆ సంగతి లేదన్నాను.

యీ వ్యాసం రాసేనాటికి శాలువకు మూడు పక్కల అంచు పూర్తయింది. క్యాలెండరు వెనక చివరి అంకె 6 గ్రాములు. వొక పక్కకు 5 గ్రాములకు కొంచెం తక్కువ పడుతున్నదట. నాలుగో పక్క నిన్న మొదలుపెట్టారు.