నగలపెట్టె

1897 జూన్. విక్టోరియా మహారాణి గద్దెనెక్కి అరవై ఏళ్లయిందని లండన్ నగరమంతా ముస్తాబైంది. ఆ సందడిలోకి అమెరికా నుంచి ఒకావిడ వచ్చింది. వయసు అరవై ఎనిమిది. భర్త పోయి నాలుగేళ్లు. వెంట తెచ్చుకున్నది నగలపెట్టె. కలిగినవాళ్లంతా ఒకచోట చేరే వేళ కదా, వజ్రాలకు మంచి ధర పలుకుతుందని ఆమె ఆశ. ఆ డబ్బు కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పే పంతుళ్ల కోసం.

కాలేజీ ఫీజుకి గాజులు తీసిచ్చిన తల్లులు మన ఇళ్లలోనూ ఉన్నారు. పెట్టె మూత వేసేటప్పుడు వాళ్ల చేతులెలా ఉంటాయో చూసినవాళ్లకి జేన్ స్టాన్‌ఫర్డ్ పరాయిది కాదు. కాకపోతే ఈమె రైల్వే కోటీశ్వరుడు, కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ భార్య.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు ఒక్కగానొక్క కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టుకున్నారు. యూరప్ యాత్రలో వాడికి టైఫాయిడ్ తగిలింది. 1884 మార్చి 13న ఫ్లారెన్స్‌లో కన్నుమూశాడు. పదహారో ఏడు ఇంకా నిండలేదు. ఇక కాలిఫోర్నియా పిల్లలే మన పిల్లలనుకున్నారు ఆ దంపతులు. పాలో ఆల్టోలో గుర్రాలు పెంచే తమ భూముల్లోనే కొడుకు పేరిట విశ్వవిద్యాలయం కట్టారు. 1891 అక్టోబరు 1న తలుపులు తెరిచారు. మగపిల్లలతోపాటు ఆడపిల్లలనూ చేర్చుకున్నారు. చదువుకి జీతం కట్టక్కర్లేదన్నారు.

రెండేళ్లు తిరక్కుండానే, 1893 జూన్ 21న, భర్త నిద్రలోనే పోయాడు. అదే ఏడు దేశమంతా బ్యాంకులు కూలుతున్నాయి. ఆస్తి కోర్టు చేతుల్లో ఇరుక్కుంది. అది చాలదన్నట్టు, రైల్వేకిచ్చిన అప్పు కింద కోటీ యాభై లక్షల డాలర్లు రావాలని కేంద్ర ప్రభుత్వం దావా వేసింది. విశ్వవిద్యాలయం మూసెయ్యమన్నారు సలహాదారులు. మూసెయ్యడమంటే ఆ తల్లికి ఏమిటి? కొడుకుని రెండోసారి పాడె ఎక్కించడమే.

ఆమె ఒప్పుకోలేదు. ఇల్లు గడవడానికని కోర్టు నెలకు 10,000 డాలర్లు మంజూరు చేసింది. ప్రొఫెసర్లను తన ఇంటి పనివాళ్ల కింద లెక్క చూపించి, ఆ సొమ్ములోంచే జీతాలిచ్చింది! ఉన్న పదిహేడు మంది నౌకర్లలో ముగ్గురిని ఉంచుకుని, ఇంటి ఖర్చు నెలకు 350 డాలర్లకు కుదించుకుంది. 1896లో సుప్రీంకోర్టు ప్రభుత్వ దావా కొట్టేసింది. అయినా ఆస్తి చేతికి రావడానికి ఇంకా సమయం పట్టింది. లండన్ ప్రయాణం ఆ మధ్యలోనిదే.

లండన్‌లో అనుకున్న ధర పలకలేదు. నగల్లో చాలాభాగం మళ్లీ ఓడెక్కాయి. మరుసటేడు చిత్రకారుడు ఆస్ట్లీ కూపర్ చేత వాటిని ఒక పెద్ద పటంగా గీయించింది. 1899లో కోటి డాలర్లు దాటిన ఆస్తిని విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది.

ఆ ఏడే ఆమె చేసిన ఇంకో పని నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆడపిల్లలు ఎప్పుడూ 500 మందికి మించకూడదని ఆంక్ష పెట్టింది. కొడుకు జ్ఞాపకంగా కట్టింది ఆడవాళ్ల కాలేజీ అయిపోతుందేమోనని ఆమె భయం. తన ఒంటి నగలతో చదువుని నిలబెట్టాలనుకున్న మనిషే తనలాంటి ఆడవాళ్లకు గుమ్మంలో గొలుసు కట్టింది. ఆ గొలుసు 1933 దాకా తెగలేదు. ప్రేమే అంత పని చేయించిందని అర్థమవుతుంది, కానీ చదువు దక్కని ఆ ఆడపిల్లల తరఫున నేను ఆమెను క్షమించలేను.

1905 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఇంట్లో ఆమె తాగే నీళ్లలో ఎవరో స్ట్రిక్‌నిన్ విషం కలిపారు. బతికి బయటపడి, హవాయి వెళ్లింది. ఫిబ్రవరి 28 రాత్రి హొనొలులు హోటల్లో ప్రాణం పోయింది. అదీ ఆ విషమేనని అక్కడి విచారణ తేల్చింది. ఎవరు కలిపారో ఇప్పటికీ తేలలేదు.

తన తదనంతరం నగలు అమ్మి గ్రంథాలయానికి పుస్తకాలు కొనమని ముందే ధర్మకర్తలకు చెప్పి ఉంచింది. 1908లో 5 లక్షల డాలర్లతో ఆ నిధి ఏర్పడింది. సిలికాన్ వ్యాలీలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన తెలుగు అమ్మానాన్నలు ఆ ఆవరణలో ఫొటోలు దిగి వస్తుంటారు. ఈసారి వెళ్తే గ్రంథాలయంలో ఆ నిధితో కొన్న పుస్తకం ఒక్కటి అడగండి. అట్ట లోపల ఒక బొమ్మ అతికించి ఉంటుంది: గ్రీకుల చదువులతల్లి ఎథీనాకు జేన్ స్టాన్‌ఫర్డ్ తన నగలు అందిస్తూ ఉంటుంది.